పాటలో 'మెల్లగా' అని ఎక్కడ రాయాలి?

ఈ రోజుల్లో పట్టణాల్లో చాలా ఇళ్లలో ఒక కీబోర్డు కనిపిస్తోంది. గోడవార బల్లమీద, దుమ్ము పడకుండా పైన ఒక గుడ్డ కప్పి వుంటుంది. పిల్లలు వారానికి రెండు రోజులు మాస్టారి దగ్గరికి వెళ్లి వస్తారు. వాళ్ల పుస్తకం తెరిచి చూస్తే అయిదేసి గీతలు, ఆ గీతల మీద నల్లటి చుక్కలు, వాటి కింద అక్కడక్కడ వంకర అక్షరాల్లో ఇంగ్లీషు 'పి' అనీ 'ఎఫ్' అనీ వుంటాయి. "మనకెందుకులే, అవన్నీ మాస్టారు చూసుకుంటారు" అని పుస్తకం మూసేస్తాం. కాని అలాంటి కాగితాన్ని ఇంట్లో కంప్యూటరు మీద మనమే తయారుచేసుకునే వీలు ఇప్పుడు వుంది. చర్చి క్వాయరులో పాడే ఆడవాళ్లు, స్కూలు వార్షికోత్సవానికి పిల్లల చేత బృందగానం పాడించే టీచర్లు, ఇంట్లోనే నలుగురికి సంగీతం చెప్పే గృహిణులు ఈ పని నేర్చుకుంటే ఎంతో కలిసి వస్తుంది. స్వరాలు ఎక్కించడం కొద్ది రోజుల్లో చేతికి పట్టుబడుతుంది. చిక్కంతా ఆ చిన్న చిన్న అక్షరాల దగ్గరే వస్తుంది. వాటిని ఏ చోట పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదే ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా మన తెలుగులోనే ఒక తమాషా చూడండి. పాడుతున్న పిల్లతో "మెల్లగా పాడమ్మా" అంటే ఆ పిల్ల ఏం చెయ్యాలి? గొంతు తగ్గించాలా, వేగం తగ్గించాలా? రెండింటికీ మనకు ఒకటే మాట. ఎదురుగా కూర్చుని చెబుతున్నప్పుడు మన చెయ్యీ మన ముఖమూ చూసి పిల్ల గ్రహించుకుంటుంది. కాగితానికి చెయ్యీ లేదు, ముఖమూ లేదు. ఏ చోట రాశాం, ఏ రకం అక్షరంలో రాశాం అన్నదే ఆ తేడా చెప్పాలి.

చోటును బట్టి అర్థం మారడం మనకు కొత్తేమీ కాదు. మన స్వరపుస్తకాల్లో 'స' మీద చుక్క పెడితే తారస్థాయి, అదే చుక్క కింద పెడితే మంద్రస్థాయి. చుక్క ఒకటే, చోటు మారితే గొంతు పైకి పోవాలా కిందికి దిగాలా అన్నది మారిపోతుంది. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు గారు తెలుగు లిపిలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు వేరువేరు గుర్తులు పెట్టి చూపించారు. అంత వివరంగా రాసిన సంప్రదాయంలోనూ ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్నది చాలావరకు గురుముఖతః నేర్చుకోవలసిందే.

పాశ్చాత్యులు ఆ సంగతి కూడా కాగితం మీదకి ఎక్కించారు. వెనిస్ నగరంలో 1597లో జియోవాన్నీ గాబ్రియేలీ అచ్చువేయించిన ఒక వాద్య రచనకు 'సొనాటా పియాన్ ఎ ఫోర్టే' అని పేరు. పియానో అంటే ఇటాలియన్ భాషలో మృదువుగా, ఫోర్టే అంటే గట్టిగా. ఇలాంటి సూచనలతో అచ్చయిన మొదటి రచనల్లో అది ఒకటి. తర్వాత 1700 ప్రాంతంలో ఫ్లారెన్సులో క్రిస్టొఫోరి అనే ఆయన, వేలితో మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా కొడితే గట్టిగా పలికే వాద్యం తయారుచేశాడు. దాన్ని మృదువుగానూ గట్టిగానూ పలికేది అన్నారు. ఆ పొడుగాటి పేరు కురచై, చివరికి పియానోగా మిగిలింది.

ఈ గుర్తులను ఇంగ్లీషులో డైనమిక్స్ అంటారు. మన సంగీతంలో స్థాయి అంటే వేరే అర్థం వుంది కనక ఆ మాట వాడకుండా, వీటిని బలాబలాల గుర్తులు అనుకుందాం. పి అంటే మృదువుగా, రెండు పిలు కలిపి రాస్తే ఇంకా మృదువుగా. అలాగే ఎఫ్, రెండు ఎఫ్‌లు. మధ్యస్థంగా వుండాలంటే ముందు ఒక 'ఎం' చేరుస్తారు. మామూలుగా వీటితో సరిపోతుంది. చైకోవ్‌స్కీ మాత్రం 1893లో తన ఆరవ సింఫనీలో ఒకచోట బసూన్ వాయించేవాడికి ఆరు పిలు పెట్టాడు. ఆ వాద్యం మీద అంత మృదువుగా వాయించడం కష్టమని చాలామంది నిర్వాహకులు ఆ నాలుగు స్వరాలనూ బాస్ క్లారినెట్ చేత వాయిస్తారట. రాసినవాడి ఆశ అంత గొప్పది!

ఇక చోటు సంగతి. వాద్యానికి రాసేటప్పుడు ఈ బలాబలాల గుర్తులు అయిదు గీతల కింద వుంటాయి. వేగాన్ని చెప్పే మాటలు పైన వుంటాయి. అంటే గొంతు తగ్గించే 'మెల్లగా' కింద, వేగం తగ్గించే 'మెల్లగా' పైన. అక్షరాలు కూడా వేరు. బలాబలాలకు లావుపాటి వంకర అక్షరం. వేగానికి లావుపాటి నిటారు అక్షరం. తియ్యగా, భావయుక్తంగా అని చెప్పే మాటలకు సన్నటి వంకర అక్షరం. వయొలిన్ వాయించేవాళ్లకు కమాను పక్కన పెట్టి వేలితో మీటమని చెప్పే మాట లాంటివి సన్నటి నిటారు అక్షరంలో, పైన. వాయించేవాళ్లు ఈ మాటలు పూర్తిగా చదవరు. రోడ్డు మీద బస్సు నంబరు చూసినట్టు కంటికొసతో పట్టేస్తారు. అందుకే ఎప్పుడూ వుండే చోటే వుండాలి. వంటింట్లో ఉప్పు జాడీ రోజుకో అరలో పెడితే పొయ్యిమీద కూర మాడిపోదూ?

పియానోకూ కీబోర్డుకూ రెండు వరసలు వుంటాయి కదా, పైది కుడిచేతికి, కిందది ఎడమచేతికి. గుర్తు ఆ రెండింటి నడుమ వుంటుంది, రెండు చేతులకూ అదే వర్తిస్తుంది. ఏ ఒక్క చెయ్యో గట్టిగా వాయించాలంటే అప్పుడు ఆ వరసకు దగ్గరగా విడిగా పెడతారు. మీ అమ్మాయి సాధన చేస్తున్నప్పుడు మీకు స్వరాలు తెలియకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని నడుమనున్న పి దగ్గరికి వచ్చేసరికి ఎడమచెయ్యి కూడా తగ్గిందా లేదా అని వినండి. ఎడమచెయ్యి మోత పాటను మింగేయడం పిల్లల సాధనలో మామూలే.

గొంతుతో పాడే పాటకు మాత్రం ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అయిదు గీతల కింద సాహిత్యం వుండాలి కనక బలాబలాల గుర్తులు పైకి పోతాయి. ఇది మన తెలుగు పాటకు మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాలు దాదాపు ఒకే ఎత్తున వుంటాయి. మన అక్షరాలు అలా కాదు. పైన గుడులు, కొమ్ములు, కింద ఒత్తులు. 'స్త్రీ' అని రాస్తే దాని కిందా పైనా ఎంత చోటు కావాలో చూడండి. అలాంటి చరణాలు రెండు మూడు ఒకదాని కింద ఒకటి పేర్చి, వాటి సందులో ఒక పి ఇరికించారంటే అది ఒత్తుల్లో కలిసిపోతుంది. పాడేపిల్లకు కనిపించదు. కనిపించినా ఇంకో గొడవ. కింది వరస రెండో గొంతువాళ్లది. నడుమనున్న ఆ పి పైవాళ్లదా, కిందివాళ్లదా? పైవాళ్లు తమది కాదనుకుంటారు, కిందివాళ్లు తమదే అనుకుంటారు. అన్ని గొంతులకూ గుర్తు పైనే అన్న కట్టుబాటు వుంటే ఈ సందేహానికి తావే లేదు.

ఈ పనికి మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ వుంది. ఉచితంగా దొరుకుతుంది, ఇంట్లో వుండే మామూలు కంప్యూటరు మీద నడుస్తుంది. డబ్బు పెట్టి కొనేవాటిలో సిబేలియస్, డోరికో పేరున్నవి. డోరికోలో పాడేవాళ్ల వరస అని చెబితే గుర్తులు తమంత తామే పైకి చేరతాయి, వాద్యమైతే కిందికి, పియానో అయితే నడుమకు. మ్యూజ్‌స్కోర్‌లో గుర్తు మీద నొక్కితే దాని గుణాలు చూపించే పట్టిక తెరుచుకుంటుంది, పైన వుండాలా కింద వుండాలా అన్నది అక్కడ ఎంచుకోవచ్చు. ఒక్కొక్కటే మార్చక్కర్లేదు. గుర్తు మీద మౌస్ కుడిమీట నొక్కితే, అలాంటివాటినన్నిటినీ ఒకేసారి పట్టుకునే వీలు కూడా వుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. కంప్యూటరులో ప్రతి గుర్తుకూ రెండు చోట్లు వుంటాయి. ఒకటి మన కంటికి కనిపించే చోటు. రెండోది అది కట్టివున్న చోటు. గుంజకు పలుపుతాడుతో కట్టిన దూడ వుందనుకోండి. దూడ నాలుగడుగులు అటూ ఇటూ తిరుగుతుంది, కాని ఎవరి గుంజకు కట్టి వుంటే వాళ్ల దూడే. పక్కింటివాళ్ల పెరట్లోకి తొంగిచూసినంత మాత్రాన వాళ్లది అయిపోదు. ఇదీ అంతే. ఒక స్వరాన్ని ఎంచుకుని పి పెడితే, ఆ పి ఆ స్వరానికి కట్టి వుంటుంది. తర్వాత మౌస్‌తో పట్టుకుని పక్కకు లాగితే దూడ జరుగుతుంది. గుంజ జరిగిందో లేదో చూడాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో, కొత్త వెర్షన్లలో, పక్కకు లాగినప్పుడు గుంజ కూడా వెంట వస్తుంది. కాని ఒక వరసనుంచి ఇంకో వరస దగ్గరికి, పైకో కిందికో లాగినప్పుడు చాలాసార్లు రాదు. లాగుతున్నప్పుడు గుర్తునుంచి స్వరం దాకా ఒక సన్నటి చుక్కల గీత కనిపిస్తుంది. అదే పలుపుతాడు. కన్ను గుర్తు మీద కాదు, ఆ గీత రెండో కొస మీద వుంచండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? నాకు తెలిసిన ఒకావిడ నాలుగు గొంతుల పాట ఒకటి శ్రమపడి ఎక్కించారు. చివరి చరణంలో మొదటి గొంతువాళ్లు గుసగుసలాగా పాడాలి. దానికి పెట్టవలసిన పి రెండో గొంతువాళ్ల వరసలో పడింది. మౌస్‌తో పైకి లాగారు, చూడ్డానికి మొదటి వరస మీద చక్కగా కూర్చుంది. మొత్తం నాలుగు వరసలూ వున్న కాగితంలో ఎవరికీ తేడా తెలియలేదు. అయితే పాడేవాళ్లకు అంతా ఇవ్వరు కదా, ఎవరి వరస వాళ్లకు విడికాగితంగా తీసి ఇస్తారు. ఆ విడికాగితాలు తీసేసరికి పి కాస్తా తన గుంజ వున్న రెండో గొంతువాళ్ల కాగితంలోకి వెళ్లిపోయింది. మొదటి గొంతులో పదకొండేళ్ల పిల్ల ఒకతె ఒంటరిగా పాడవలసిన చోట అది. చుట్టూ వున్న తోటిపిల్లలు తమ కాగితంలో ఏమీ లేదు కనక గట్టిగానే ఎత్తుకున్నారు. ఆ పిల్ల గొంతు వెనక వరసలో కూర్చున్న తల్లికి కూడా వినిపించలేదు. నెలరోజులు ఇంట్లో ఆ నాలుగు పంక్తులే పాడుకున్న పిల్ల! కంప్యూటరు తాను పాడి వినిపించేటప్పుడు కూడా గుంజనే చూస్తుంది, దూడను కాదు. కాబట్టి ఒకసారి పాటంతా పాడించి వింటే, తగ్గవలసిన గొంతు తగ్గకుండా ఇంకోటి తగ్గడం అప్పుడే బయటపడుతుంది.

మరో పొరపాటు కూడా తరచు జరుగుతుంది. బలాబలాల గుర్తును దాని పెట్టెలోనుంచి తీయకుండా మామూలు మాటగా 'పి' అని టైపు చేసి, లావుగా వంకరగా దిద్దడం. కంటికి అచ్చం అలాగే వుంటుంది. కంప్యూటరుకు మాత్రం చాలావాటిలో అది ఉత్త అక్షరం. పాడేటప్పుడు పట్టించుకోదు, పక్కనున్న గుర్తులతో వరస కలపదు. రోల్డుగోల్డు గాజులు దూరానికి మెరిసినట్టే.

మాటలు రాయడంలో కూడా రెండు రకాలున్నాయి. ఒకే వరసకు సంబంధించినది ఒక రకం, అందరికీ వర్తించేది ఇంకో రకం. మ్యూజ్‌స్కోర్‌లో కంట్రోల్ మీటతో పాటు 'టి' నొక్కితే వచ్చేది ఒక వరస మాట. దానికి షిఫ్ట్ కూడా చేర్చి నొక్కితే వచ్చేది అందరి మాట. "ఇక్కడినుంచి మళ్లీ మొదటికి" అన్నది అందరికీ కావాలి. అందరి మాటగా రాస్తే మొత్తం కాగితంలో పైన ఒక్కసారే కనిపిస్తుంది, విడికాగితాలు తీసినప్పుడు మాత్రం ప్రతివాళ్ల దాంట్లోనూ వస్తుంది. ఒక వరస మాటగా రాశారా, ఆ ఒక్కరే మొదటికి పోతారు, మిగతావాళ్లు ముందుకు పోతారు! వేగానికి మళ్లీ వేరే ఏర్పాటు వుంది, అదీ అందరికీ వర్తించేదే.

వేగపు మాటలు ఇటాలియన్‌లోనే రాయాలని ఎక్కడా లేదు. షూమన్, మాహ్లర్ వంటివాళ్లు జర్మన్‌లో రాసుకున్నారు. పెర్సీ గ్రేంజర్ ఇటాలియన్ మాటలు మానేసి సాదా ఇంగ్లీషు పెట్టుకున్నాడు. మన పిల్లలకు 'చౌకంగా', 'కొంచెం త్వరగా' అని తెలుగులో రాసి ఇస్తే తప్పేముంది? పిల్లలకు తొందరగా బోధపడుతుందని నా అభిప్రాయం. 'మెల్లగా' మాత్రం వద్దు, ఎందుకో చెప్పుకున్నాం. తెలుగు మాట కంప్యూటరుకు అర్థం కాదు కనక దాని పక్కన నిమిషానికి ఎన్ని దెబ్బలో అంకె కూడా ఇవ్వాలి. ఆ అంకె కాగితం మీద కనిపించకుండా దాచుకోవచ్చు.

క్రమంగా పెంచడానికీ తగ్గించడానికీ ఒక గుర్తు వుంది. రెండు గీతలు ఒకచోట కలిసి రెండోవైపు విచ్చుకుని వుంటాయి. దాన్ని వాళ్లు హెయిర్‌పిన్ అనే అంటారు, మనం జడలో గుచ్చుకునేదే. విచ్చుకున్న వైపు గట్టి, కలిసిన వైపు మృదువు. పెరగవలసిన స్వరాలను ఎంచుకుని, లెక్కల్లో 'కంటే చిన్నది' అని రాసే గుర్తు నొక్కితే మ్యూజ్‌స్కోర్‌లో పిన్ను వచ్చేస్తుంది, తగ్గడానికి దాని ఎదుటిది. ముందు పి, తర్వాత పిన్ను, చివర ఎఫ్, ఈ మూడూ ఒకే మట్టంలో, తాడుమీద ఆరేసిన గుడ్డల్లా ఒక వరసలో వుండాలి. పిన్ను ఏ స్వరం దగ్గర మొదలై ఏ స్వరం దగ్గర ఆగుతుందో అక్కడే ఆగాలి. ఒక్క స్వరం ముందుకు పోయినా పిల్లలు ఊపిరి తీసుకునే చోట గట్టిగా అరుస్తారు. ఇక పి అయినా ఎఫ్ అయినా దాని నడుము స్వరం తలకు సూటిగా రావాలి. ఎఫ్‌కు పైన కుడివైపు కొక్కెం, కింద ఎడమవైపు తోక వుంటాయి కనక కొలబద్ద పెట్టి సగానికి కోస్తే కుదరదు, కంటికి నడుము అనిపించేది వేరే వుంటుంది. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

అసలు ఈ సర్దుడు పని ఇప్పుడు చాలావరకు అదే చేస్తోంది. ఒకదానిమీద ఒకటి పడకుండా గుర్తులు వాటంతటవే తప్పుకునే ఏర్పాటు సిబేలియస్‌లో 2009లో వచ్చింది, మ్యూజ్‌స్కోర్‌లో 2018 డిసెంబరులో. అంతకు ముందు ప్రతి పినీ చేత్తో జరిపి, కింది గీతలకు తగులుతుంటే మళ్లీ జరిపి, ఒక స్వరం మారిస్తే మొత్తం మళ్లీ సర్దేవారు. ఇప్పుడు మనం చేత్తో లాగితే ఆ సర్దుబాటుకు మనమే అడ్డం పడతాం. నా సలహా ఏమిటంటే, గుర్తు సరైన స్వరానికి కట్టండి, పైనా కిందా అన్నది చెప్పండి, ఇక వదిలేయండి. మరీ వికారంగా వున్న ఒకటి రెండింటిని చివరలో, పాటంతా అయ్యాక జరపండి. జరిపి జరిపి చిందరవందర అయిందా, ఆ గుర్తులను ఎంచుకుని కంట్రోల్‌తో 'ఆర్' నొక్కితే మ్యూజ్‌స్కోర్‌లో మళ్లీ మొదటి చోటికి వస్తాయి.

చేత్తో జరిపిన పనికి ఆయుష్షు కూడా తక్కువ. ఫినాలే అని 1988లో వచ్చిన సాఫ్ట్‌వేర్ వుండేది, ఎంతోమంది స్వరకర్తలు జీవితమంతా దాంట్లోనే రాసుకున్నారు. 2024 ఆగస్టులో దాన్ని ఇక అభివృద్ధి చేయబోమని కంపెనీవారు ప్రకటించారు. ఆ పాటలను వేరే సాఫ్ట్‌వేర్లోకి మార్చుకోవడానికి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే మధ్యవర్తి రూపం వుంది. సరైన స్వరానికి కట్టిన గుర్తులు ఆ దారిన చాలావరకు క్షేమంగా చేరతాయి. కంటికొలతతో జరిపి నిలబెట్టినవి కొత్త ఇంట్లో ఎక్కడ తేలతాయో చెప్పలేం. ఇల్లు మారేటప్పుడు పెట్టెలో సర్దిన సామానుకూ, చేతిసంచుల్లో కుక్కిన సామానుకూ వున్న తేడా మీకు నేను చెప్పాలా?

విడికాగితాలు అచ్చు తీసేముందు ఒక్కొక్కటీ విడిగా తెరిచి చూడండి. మొత్తం కాగితం ముందు పెట్టుకుని, పైవరసనుంచి కిందివరస దాకా ఎవరి పి వాళ్ల దాంట్లో వుందా అని వేలుపెట్టి సరిచూసుకోండి. నాలుగు పేజీల పాటకు పావుగంట పట్టవచ్చు. పిల్లలకు కాగితాలతో పాటు తలా ఒక పెన్సిలు ఇవ్వండి. సాధనలో వాళ్లు మరిచిపోయిన గుర్తు చుట్టూ సున్నా చుట్టుకుంటారు. ఆ కాగితాలు తిరిగి తీసుకుని చూస్తే అందరూ సున్నా చుట్టిన గుర్తు ఏదో ఒకటి వుంటుంది. అది ఏ ఒత్తు చాటునో, ఏ గీత సందునో నక్కి వుండి వుంటుంది. వచ్చేసారి అచ్చు తీసేటప్పుడు ముందు దాన్ని చూడండి.